మీటరు చూడకుండా రాసిన బిల్లు

కరెంటు బిల్లు ఎక్కువ వచ్చినప్పుడు మనకు రెండు మాటలు వినిపిస్తాయి. ఇంట్లోవాళ్ళు "మీటరు పిచ్చిగా తిరుగుతోంది" అంటారు. ఆఫీసుకు వెళ్తే కౌంటరులో కూర్చున్నాయన "కంప్యూటర్లో అలాగే వచ్చిందండీ" అంటాడు. ఆలోచిస్తే రెండూ నమ్మకాలే. మొదటిదాంట్లో మీటరుకు దయ్యం పట్టింది, రెండోదాంట్లో కంప్యూటరు దేవుడైంది. మీటరు దగ్గరికెళ్ళి అంకె చూసినవాడు మాత్రం రెండు పక్షాల్లోనూ లేడు.

నేను డిఫెన్స్ అకౌంట్సులో ముప్పై ఏళ్ళకు పైగా పనిచేసి రిటైరైన మనిషిని. చదివింది బి.కాం. విద్యుత్తు గురించి ఇంజనీర్లకు తెలిసినంత నాకు తెలియదు. కానీ ఒక అంకె కాగితం మీదకు ఎలా వచ్చింది, దానికి ఆధారమేమిటి, తప్పయితే ఎవరు సరిదిద్దుతారు అని అడగడం నా వృత్తి. మీటరు చూడకుండా వేసే బిల్లును, మన జనం యావరేజీ బిల్లు అనేదాన్ని, ఆ మూడు ప్రశ్నలతో చూస్తే ఏం తేలుతుందో ఈ వ్యాసంలో చెబుతాను. దాని చరిత్ర మనం అనుకునేదానికంటే పాతది.

అంచనా వేయడమే నేరమా?

కాదు. లెక్కల్లో అంచనా లేకుండా పని జరగదు. రావలసిన కాగితం రాకపోతే డబ్బును తాత్కాలికంగా సస్పెన్స్ ఖాతాలో వేస్తాం. కాగితం వచ్చాక అక్కడినుంచి తీసి అసలు పద్దులో వేస్తాం. దీనికి మూడు షరతులున్నాయి. ఒకటి, ఇది తాత్కాలికం అని పద్దు మీదే రాసి ఉండాలి. రెండు, ఏ లెక్క ప్రకారం ఆ అంకె వేశారో చూపగలగాలి. మూడు, అసలు అంకె దొరికిన రోజున తాత్కాలికపు అంకె పూర్తిగా రద్దు కావాలి. సస్పెన్స్ ఖాతాలో ఏళ్ళ తరబడి తేలకుండా పడి ఉన్న పద్దు కనిపిస్తే ఆడిట్ వాళ్ళు ఊరుకోరు.

ఇల్లు తాళం వేసి ఉంది, మీటరు లోపల ఉంది, రీడరు చూడలేకపోయాడు. అప్పుడు పాత వాడకం బట్టి అంచనా బిల్లు వేస్తే తప్పేమీ లేదు. గొడవంతా మూడో షరతు దగ్గరే వస్తుంది.

జింకు పలకల తూకం

ఇళ్ళకు కరెంటు అమ్మడం మొదలైన రోజుల్లోనే ఈ ప్రశ్న పుట్టింది. థామస్ ఎడిసన్ 1882 సెప్టెంబరులో న్యూయార్క్ పెర్ల్ స్ట్రీట్ కేంద్రం నుంచి సరఫరా ప్రారంభించాడు. ఆయన వాడిన మీటరులో తిరిగే చక్రం లేదు, అంకెలు లేవు. ఒక సీసాలో జింకు ద్రావణం, అందులో జింకు పలకలు ఉండేవి. వాడిన కరెంటులో ఒక చిన్న భాగం ఆ సీసా గుండా పోయేది. ఒక పలక నుంచి జింకు కరిగి రెండో పలక మీద చేరేది. కంపెనీ మనిషి వచ్చి పలకలు తీసుకెళ్ళి తూచేవాడు. తూకంలో తేడాను బట్టి బిల్లు.

శాస్త్రం దృష్టితో చూస్తే ఇది చక్కని పద్ధతి. ఫారడే నియమం మీద ఆధారపడింది. కానీ ఇంట్లో ఉన్నవాడికి అర్థమయ్యేది ఏమీ లేదు. తూకం ఎవరిది? కంపెనీది. త్రాసు ఎవరిది? కంపెనీదే. కొన్నవాడు తాను ఎంత కొన్నాడో చూసుకోలేని సరుకు అది. కిరాణా కొట్లో తక్కెడ గల్లాపెట్టె వెనక దాచిపెట్టినట్టు.

1880ల చివరికి ఈ పరిస్థితి మారింది. 1889లో బుడాపెస్టులోని గాంజ్ కంపెనీకి చెందిన ఒట్టో బ్లాతీ ఏకాంతర విద్యుత్తుకు (ఏసీకి) మీటరు తయారుచేశాడు. అదే కాలంలో అమెరికాలో ఒలివర్ షాలెన్‌బెర్గర్, ఎలిహు థామ్సన్ వేరువేరు మీటర్లు చేశారు. ఆ తరహా నుంచే మనం చిన్నప్పటినుంచి గోడ మీద చూసిన, అల్యూమినియం పళ్ళెం తిరిగే మీటరు వచ్చింది. దీనితో అంకెలు ఇంటి యజమాని కళ్ళ ముందుకొచ్చాయి. చదవడం వచ్చిన ఎవరైనా నిన్నటి అంకె, ఇవాళ్టి అంకె రాసుకుని తీసివేత చేసుకోవచ్చు. నా దృష్టిలో మీటరు చరిత్రలో అసలు మలుపు ఇదే. కొనేవాడు, అమ్మేవాడు ఒకే అంకెను చూడగలిగారు.

మీటరు చూడకుండా వేసిన ప్రతి బిల్లూ మనల్ని మళ్ళీ ఆ జింకు పలకల కాలానికి తీసుకెళ్తుంది.

1910 చట్టం చెప్పిన మాట

కలకత్తాలో 1899లో కంపెనీ సరఫరా మొదలైంది. తర్వాత వచ్చిన 1910 భారత విద్యుత్ చట్టం తొంభై ఏళ్ళకు పైగా నడిచింది. అందులో 26వ సెక్షను మీటర్ల గురించి. కోర్టుల ముందు ఎక్కువగా నలిగింది దాని ఆరో ఉపసెక్షను. మీటరు సరిగా ఉందా లేదా అని వివాదం వస్తే అమ్మేవాడు తేల్చకూడదు, కొనేవాడూ తేల్చకూడదు. ప్రభుత్వం నియమించిన ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టరు తేల్చాలి. మీటరు తప్పని తేలితే ఎంత వాడి ఉంటారో ఆయనే అంచనా కడతాడు. ఆ అంచనా కూడా ఆరు నెలలకు మించి వెనక్కి పోకూడదు. వివాదం తేలేవరకు కంపెనీ ఆ మీటరును ఊడదీసి తీసుకుపోకూడదు. అదే సాక్ష్యం కదా.

ఎంత తేడా ఉంటే మీటరు తప్పు అనాలి? 1956 నాటి నియమాలు దానికీ కొలత చెప్పాయి. మామూలు లోడు మీద నూటికి మూడు పాళ్ళ లోపు తేడా ఉంటే మీటరు సరైనట్టే లెక్క. అంటే నూరు యూనిట్ల దగ్గర మూడు యూనిట్లు అటో ఇటో. ఇది గుర్తుంచుకోండి. మీటరు పాడైతే తప్ప నూరు యూనిట్లు నాలుగు వందలు కావు. నాలుగు రెట్ల బిల్లు వచ్చిందంటే కారణం చాలాసార్లు మీటరులో ఉండదు. రీడింగులోనో, నమోదులోనో, అంచనాలోనో, ఇంటి వైరింగులోనో ఉంటుంది.

వలస పాలకులు చేసిన చట్టమే అయినా ఇందులో ఒక మంచి సూత్రం ఉంది. దావా వేసిన పక్షం తానే న్యాయమూర్తి కాకూడదు. రుజువు చేసే బాధ్యత అడిగినవాడి మీద ఉంటుంది. మనం బాబాల మహిమల విషయంలో అడిగేదీ ఇదే కదా.

బోర్డుల కాలం

1948 చట్టంతో రాష్ట్రాలకు విద్యుత్ బోర్డులు వచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌లో 1959లో బోర్డు ఏర్పడింది. ఊళ్ళకు దీపాలు తెచ్చిన సంస్థ అది, ఆ మేలు మరవకూడదు. కానీ చెదురుమదురు కంపెనీల స్థానంలో ఒకే పెద్ద అమ్మకందారు వచ్చాక, చట్టంలోని మూడో మనిషి క్రమంగా మరుగున పడ్డాడు. బోర్డు ఇంజనీరే వచ్చి మీటరు తప్పంటాడు, బోర్డు క్లర్కే అంచనా వేస్తాడు, కట్టకపోతే బోర్డు లైన్‌మనే వచ్చి ఫ్యూజు పీకుతాడు.

దీని మీద సుప్రీంకోర్టు 1987లో మధ్యప్రదేశ్ విద్యుత్ బోర్డు, బసంతీబాయి కేసులో తీర్పు చెప్పింది. మీటరు సరిగా పనిచేయలేదని చెప్పి బోర్డు తనంతట తాను అదనపు డిమాండు వేయడానికి వీల్లేదు, అది ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టరు తేల్చవలసిన వివాదం అన్నది దాని సారాంశం. 1997లో బెల్వాల్ స్పిన్నింగ్ మిల్స్ కేసులోనూ ఆరు నెలల పరిమితి గురించి కోర్టు ఇదే దారిలో చెప్పింది. గమనించండి, చట్టంలో స్పష్టంగా ఉన్న మాటను మళ్ళీ చెప్పించుకోవడానికి సుప్రీంకోర్టు దాకా వెళ్ళాల్సివచ్చింది. సామాన్యుడు నూట యాభై రూపాయల తేడా కోసం ఢిల్లీ దాకా పోతాడా?

ఈ కాలంలో అంచనా లెక్క ఎలా చెడుతుందో నా అనుభవం ఒకటి చెబుతాను. 1990ల్లో బదిలీ మీద ఒక కంటోన్మెంటు ఊళ్ళో అద్దెకున్నాం. సెలవు మీద రెండు నెలలు ఇల్లు తాళం వేసి వచ్చాం. వచ్చేసరికి నెలకు 140 యూనిట్ల చొప్పున రెండు తాళం బిల్లులు ఉన్నాయి. మేం వెళ్ళేముందు మీటరు రీడింగు 4,210. వాళ్ళ పుస్తకంలో రెండు అంచనాలు కలిపి 4,490 చేశారు. మూడో నెల రీడరు వచ్చి చూస్తే మీటరులో 4,262 ఉంది. మూడు నెలలకూ కలిపి 52 యూనిట్లే వాడాం కాబట్టి అది సరైన అంకె. కానీ పుస్తకంలో 4,490 తర్వాత 4,262 రాయడం కుదరదు. వెనక్కి తిరిగే మీటరు ఉండదు కదా! అందుకని "మీటరు పాడైంది" అని రాసి, మళ్ళీ 140 యూనిట్లు వేశారు.

ఇక్కడ ఏం జరిగిందో చూడండి. వాళ్ళు రాసుకున్న అంచనా నిజమైపోయింది, గోడ మీద ఉన్న నిజం అబద్ధమైపోయింది. సెక్షను ఆఫీసరు వచ్చి రెండు నిమిషాలు మీటరు చూస్తే తేలిపోయిన విషయం ఇది. ఆయన రావడానికి నాలుగు నెలలు పట్టింది. ఆ తర్వాత డబ్బు సర్దుబాటు చేశారు. నాకు జీతం వస్తుంది కాబట్టి నాలుగు నెలలు ఆగగలిగాను. రోజుకూలీ ఇంట్లో ఇదే జరిగితే ఆ నాలుగు నెలలూ చీకటే.

బోర్డుల కాలంలో మరో పెద్ద అంచనా ఉండేది, ఇప్పటికీ ఉంది. 1980ల మొదట్లో మన రాష్ట్రంలో వ్యవసాయ పంపుసెట్లకు మీటరు బదులు హార్స్‌పవరు లెక్కన చార్జీ పెట్టారు. రైతుకు అది మేలా కీడా అన్నది వేరే చర్చ. లెక్కల దృష్టితో మాత్రం, రాష్ట్రంలో కరెంటులో ఒక పెద్ద భాగం ఎంత ఖర్చయిందో కొలిచే సాధనం పోయింది. కొలవని చోట అంచనా వేశారు. దొంగతనం, లైన్లలో నష్టం, లెక్క తప్పు అన్నీ ఆ అంచనాలో కలిసిపోగలిగాయి. 1990ల చివర సంస్కరణలప్పుడు పంపుసెట్ల వాడకాన్ని మళ్ళీ అంచనా కట్టేసరికి, అప్పటిదాకా కాగితం మీద చూపిన నష్టాల కంటే అసలు నష్టాలు చాలా ఎక్కువని తేలింది. ఇంటి బిల్లులో అంచనా మన జేబును కొడితే, రాష్ట్రం ఖాతాలో అంచనా అందరి జేబునూ కొడుతుంది.

2003 చట్టం ఇచ్చినవి

2003 విద్యుత్ చట్టం పాత చట్టాల స్థానంలో వచ్చింది. అప్పటికే 1999లో మన బోర్డు విడిపోయింది. రాష్ట్రంలో నియంత్రణ మండలి వచ్చింది. ఆ తర్వాత పంపిణీ కంపెనీలు వచ్చాయి. కొత్త చట్టంలో గృహవినియోగదారుడు తెలుసుకోవలసిన మూడు విషయాలు చెబుతాను.

మొదటిది 55వ సెక్షను. సరైన మీటరు ద్వారా తప్ప కరెంటు సరఫరా చేయకూడదని, అందుకు రెండేళ్ళ గడువని అందులో ఉంది. రెండోది 42వ సెక్షను. ప్రతి పంపిణీ సంస్థ ఫిర్యాదుల పరిష్కార వేదిక పెట్టాలి. అక్కడ న్యాయం జరగలేదనుకుంటే నియంత్రణ మండలి నియమించిన విద్యుత్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్ళవచ్చు.

మూడోది 56వ సెక్షను, మనవాళ్ళలో చాలామందికి తెలియనిది. బిల్లు కట్టలేదని కనెక్షన్ తీసేయాలంటే పదిహేను పూర్తి రోజుల రాతపూర్వక నోటీసు ఇవ్వాలి. పాత చట్టంలో ఇది ఏడు రోజులు. బిల్లు తప్పని మీ వాదనైతే, అభ్యంతరం తెలుపుతూ కొంత సొమ్ము కట్టవచ్చు. అడిగిన మొత్తమా, గత ఆరు నెలల సగటు చార్జీ లెక్కన వచ్చే మొత్తమా, ఈ రెండింటిలో ఏది తక్కువైతే అది కడితే చాలు. వివాదం తేలేదాకా కనెక్షన్ తీయకూడదు. ఇరవై వేల బిల్లు చూసి అప్పుచేసి కట్టేవాళ్ళను నేను చూశాను. నెలకు ఆరు వందలు కట్టే ఇంటివాళ్ళు ఆ నెలకు ఆరు వందలే కట్టి, కాగితం పెట్టి, వివాదం నడిపించుకోవచ్చు.

అదే సెక్షను రెండో భాగంలో రెండేళ్ళ కాలపరిమితి ఉంది. 2020 ఫిబ్రవరిలో అజ్మీర్ విద్యుత్ సంస్థ కేసులో సుప్రీంకోర్టు దీన్ని వివరించింది. రెండేళ్ళు దాటాక కూడా పొరపాటున వేయని డబ్బును అడగవచ్చు గానీ, దాని కోసం కనెక్షన్ కోసే అధికారం వాడకూడదు అని. పాత బాకీ రాబట్టుకోవాలంటే మిగతా అప్పులవాళ్ళు వెళ్ళే దారినే వెళ్ళాలన్నమాట.

2020 వేసవి: అందరికీ ఒకేసారి అంచనా

2020 మార్చి చివర లాక్‌డౌన్ వచ్చింది. రీడర్లు ఇళ్ళకు రాలేదు. దేశంలో కోట్ల ఇళ్ళకు ఒకేసారి అంచనా బిల్లులు పడ్డాయి. మహారాష్ట్రలో డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి నెలల సగటు తీసుకున్నారు. చలికాలపు సగటును ఎండాకాలానికి వేస్తే అంచనా తక్కువ వస్తుంది. జూన్‌లో మీటరు చూసేసరికి మిగిలిందంతా ఒక్కసారి మీద పడింది. సినిమా తారలు కూడా గగ్గోలు పెట్టారు. తెలంగాణలో అంతకుముందు సంవత్సరం అదే నెల బిల్లు ప్రకారం కట్టించుకున్నారు. ఇది ఋతువు దృష్ట్యా మెరుగైన పద్ధతి. జూన్‌లో రీడింగు తీసి మూడు నెలల వాడకాన్ని సమానంగా పంచి స్లాబులు వేశారు.

అప్పుడు రెండు వాదాలు బయల్దేరాయి. "సగటు చేసి స్లాబు మార్చి దోచుకున్నారు" అని జనం. "సగటు వల్ల ఎవరికీ నష్టం లేదు, లాభమే" అని అధికారులు. ఏది నిజం? వాదించుకోవడం దేనికి, లెక్క వేద్దాం. అప్పటి తెలంగాణ ధరలు ఇవి. నెలకు 100 యూనిట్ల లోపు వాడే ఇంటికి మొదటి 50కి యూనిట్ రూ. 1.45, తర్వాతి 50కి రూ. 2.60. 100 దాటి 200 లోపైతే మొదటి 100కి రూ. 3.30, తర్వాతి 100కి రూ. 4.30. 200 దాటితే మొదటి 200కి రూ. 5.00, 300 దాకా రూ. 7.20, 400 దాకా రూ. 8.50, ఆపైన రూ. 9.00. 800 దాటితే ఇంకా ఎక్కువ. ఇతర చార్జీలు పక్కన పెడుతున్నాను.

మొదటి ఇల్లు. మార్చిలో 80, ఏప్రిల్‌లో 90, మేలో 160 యూనిట్లు అనుకుందాం. నెలనెలా రీడింగు తీసి ఉంటే బిల్లులు రూ. 150.50, రూ. 176.50, రూ. 588. మొత్తం రూ. 915. సగటు చేస్తే నెలకు 110 యూనిట్లు, బిల్లు రూ. 373 చొప్పున మూడు నెలలకు రూ. 1,119. ఈ ఇంటికి రూ. 204 నష్టం.

రెండో ఇల్లు. అవే నెలల్లో 150, 190, 230 యూనిట్లు. నెలనెలా లెక్కన రూ. 545, రూ. 717, రూ. 1,216. మొత్తం రూ. 2,478. సగటు చేస్తే నెలకు 190 యూనిట్లు, రూ. 717 చొప్పున రూ. 2,151. ఈ ఇంటికి రూ. 327 లాభం.

ఒకే పద్ధతి, పక్కపక్క ఇళ్ళు. ఒకరికి నష్టం, ఒకరికి లాభం. కాబట్టి రెండు వాదాలూ తప్పే. కారణం స్లాబుల కట్టడిలో ఉంది. 100 యూనిట్లకు రూ. 202.50 అయ్యే బిల్లు 101 యూనిట్లకు రూ. 334.30 అవుతుంది. ఎందుకంటే గీత దాటగానే మొదటి నూరు యూనిట్ల ధర కూడా మారిపోతుంది. ఆ నూట ఒకటో యూనిట్ ఖరీదు రూ. 131.80 అన్నమాట! ఇలాంటి గీతలు లేకుండా, దాటిన యూనిట్లకు మాత్రమే ధర పెరిగే పద్ధతిలోనైతే అధికారుల మాట నిజమయ్యేది. సగటు వల్ల ఎవరికీ నష్టం ఉండదు. గీత ఉన్నచోట మాత్రం గీతకు దగ్గరగా బతికేవాళ్ళు, అంటే కరెంటు పొదుపుగా వాడే బీద ఇళ్ళవాళ్ళే, నష్టపోతారు.

ఇంకో విషయం కూడా న్యాయంగా చెప్పాలి. సగటు చేయకుండా మూడు నెలల 330 యూనిట్లనూ ఒకే నెల వాడకంగా వేసి ఉంటే మొదటి ఇంటి బిల్లు రూ. 1,975 అయ్యేది. సగటు మీద అరిచినవాళ్ళు ఈ లెక్క చూడలేదు. తాళం బిల్లుల తర్వాత ఒకేసారి రీడింగు తీసినప్పుడు మీరు చూడవలసింది ఇదే. యూనిట్లను నెలలకు పంచారా, లేక ఒకే నెలలో కుమ్మరించారా? కుమ్మరిస్తే పంచమని రాసి అడగండి.

ఒక దశాంశ బిందువు

ఇదంతా వంద, రెండు వందల గోల అనుకునేవారికి ఒక సంగతి చెప్పాలి. 2018 మేలో, అప్పటికి ఔరంగాబాద్ అని పిలిచే మహారాష్ట్ర నగరంలో, ఒక చిన్న ఇంట్లో ఉండే కూరగాయల వ్యాపారికి ఎనిమిదిన్నర లక్షల రూపాయలకు పైగా కరెంటు బిల్లు వచ్చింది. ఆయన ఆత్మహత్య చేసుకున్నాడు. తర్వాత విద్యుత్ సంస్థ చెప్పిన కారణం ఏమిటంటే, మీటరులో రీడింగు 6,117.8. నమోదు చేసిన ఉద్యోగి బిందువు వదిలేసి 61,178 అని కొట్టాడు. ఆ ఉద్యోగిని సస్పెండు చేశారు.

ఇది అంచనా బిల్లు కాదు, నమోదు తప్పు. కానీ రోగం ఒకటే. కాగితం మీది అంకెను ఎవరూ మీటరుతో పోల్చలేదు. దాదాపు 55 వేల యూనిట్ల తేడా అది. ఒక నెలలో అంత వాడాలంటే 76 వెయ్యి వాట్ల హీటర్లు రాత్రింబవళ్ళు ఆపకుండా వెలగాలి. ఆ ఇంటికి వచ్చే తీగ అంత కరెంటు మోయలేదు, ముందే కాలిపోతుంది. అంటే ఆ బిల్లు ప్రకృతి నియమాల ప్రకారమే అసాధ్యం. అసాధ్యమైన అంకెను ఆపడానికి కంప్యూటరులో ఒక్క వరుస నిబంధన చాలు. మంజూరైన లోడును నెలలోని గంటలతో హెచ్చవేసి చూస్తే సరి. ఒక కిలోవాటు ఇంటికి ముప్పై రోజుల నెలలో 720 యూనిట్లు. దానికి ఎన్నో రెట్లు మించిన బిల్లు మనిషి చూడకుండా బయటకు పోకూడదు. అసాధారణమైన మాట చెప్పినవాడు అంతటి రుజువు చూపాలని మనం చెబుతూ ఉంటాం. ఆ వ్యాపారి ఇంట్లో ఎవరూ ఆ మాట చెప్పి ధైర్యమివ్వలేకపోయారు. సర్కారు ముద్ర ఉన్న కాగితం అబద్ధమై ఉండవచ్చన్న ఆలోచనే మన బీదవాళ్ళకు మనం అలవాటు చేయలేదు.

ఇప్పుడున్న నియమాలు, మనం చేయగలిగినవి

2020 డిసెంబరు 31న కేంద్ర ప్రభుత్వం విద్యుత్ వినియోగదారుల హక్కుల నియమాలు తెచ్చింది. వాటి ప్రకారం ఒక ఆర్థిక సంవత్సరంలో రెండుకు మించి తాత్కాలిక బిల్లులు వేయకూడదు. విపత్తుల వంటి అసాధారణ పరిస్థితి లేకుండా రెండు బిల్లింగు కాలాలు దాటి అలాగే సాగిస్తే, అసలు రీడింగుతో బిల్లు ఇచ్చేవరకు వినియోగదారుడు కట్టనని చెప్పవచ్చు. వరుసగా రెండుసార్లు రీడరుకు మీటరు అందకపోతే, మనమే తేదీతో సహా మీటరు ఫొటో తీసి పంపవచ్చు. 2024 ఫిబ్రవరిలో చేసిన సవరణ ప్రకారం, రీడింగు వాడకానికి తగ్గట్టు లేదని ఫిర్యాదు చేస్తే ఐదు రోజుల్లో అదనపు మీటరు బిగించి, కనీసం మూడు నెలలు రెండింటినీ పోల్చి చూడాలి. 1910 నాటి మూడో మనిషి స్థానంలో ఇప్పుడు రెండో మీటరు వచ్చిందనవచ్చు.

ఇంట్లో మీరే చేసుకోగల పరీక్షలు కూడా ఉన్నాయి. మెయిన్ స్విచ్ ఆపండి. మీటరు మీద మెరిసే చిన్న ఎర్ర దీపం ఆగాలి. మెరుస్తూనే ఉంటే మెయిన్‌కు ముందే ఎవరో వైరు కలిపి ఉండవచ్చు, లేదా మీటరులో లోపం ఉండవచ్చు. మెయిన్ వేసి, ఇంట్లో అన్ని వస్తువులూ ఆపినా మెరుస్తుంటే ఇంటి వైరింగులో లీకేజీ ఉందేమో ఎలక్ట్రీషియనుకు చూపించండి. తర్వాత వెయ్యి వాట్ల ఇస్త్రీపెట్టె లాంటిది కాకుండా, మధ్యలో తనంతట ఆగని వెయ్యి వాట్ల హీటరు ఒక్కటే ఆరు నిమిషాలు పెట్టండి. అది యూనిట్‌లో పదో వంతు. మీటరు మీద యూనిట్‌కు 3,200 మెరుపులని రాసి ఉంటే, సుమారు 320 మెరుపులు రావాలి. వోల్టేజిని బట్టి కొంత అటూ ఇటూ అవుతుంది. 330 వస్తే కంగారు లేదు. 600 వస్తే మీటరు పరీక్షకు రాసివ్వండి.

అన్నిటికంటే తేలికైనది ఒక నోటు పుస్తకం. ప్రతినెలా ఒకే తేదీన మీటరు అంకె, తేదీ రాసుకోండి. ఫోను ఉంటే ఫొటో తీయండి. బిల్లు వచ్చాక మూడు అంకెలు చూడండి. పాత రీడింగు, కొత్త రీడింగు, రోజుల సంఖ్య. రీడింగు పక్కన తాళం అనో, మీటరు ఆగిందనో గుర్తు ఉంటే అది అంచనా బిల్లు. తర్వాతి అసలు బిల్లులో ఆ సొమ్ము తీసివేశారో లేదో కూడా చూసుకోండి. ఫిర్యాదు నోటిమాటగా వద్దు. రాసి ఇచ్చి నంబరు తీసుకోండి.

2021లో కేంద్రం ప్రకటించిన పథకం కింద దేశమంతా 25 కోట్ల స్మార్టు మీటర్లు పెట్టాలన్నది లక్ష్యం. ఇవి వస్తే రీడరు రానక్కర్లేదు, అంచనా అవసరమూ తగ్గుతుంది. అది నిజమే. అదే సమయంలో "స్మార్టు మీటరు వాటంతటవే తిరుగుతాయి" అన్న ప్రచారం ఒకవైపు, "స్మార్టు మీటరు తప్పు చేయదు" అన్న ప్రచారం మరోవైపు మొదలయ్యాయి. పాత దయ్యం, పాత దేవుడు కొత్త పెట్టెలోకి మారారు. మీటరు ఎంత తెలివైనదైనా దాని తెర మీది అంకెను ఇంట్లోవాళ్ళు చదవగలగాలి, అనుమానం వస్తే మూడో పక్షం చేత పరీక్ష చేయించగలగాలి. ఆ రెండూ ఉంటే కొత్త మీటరుకు భయపడక్కర్లేదు. అవి లేకపోతే అది తెర ఉన్న జింకు పలక.

మీ ఇంటి పుస్తకంతో పాటు, చదువురాని పక్కింటివాళ్ళకు కూడా ఒక పుస్తకం పెట్టి, నెలకోసారి అంకె రాసిపెట్టండి. ఐదు నిమిషాల పని.